సారు కూత ఉన్నంతసేపు

మా డ్రిల్లు సారు పోయారని వాళ్ల ఇంటామె ఫోన్ చేసినప్పుడు నేను పంజాగుట్టలో, పనిచేసే షాపులో, ఇనుప రేకులు కోసే మిషను ముందు ఉన్నాను. ఆ చప్పుడుకు మాట సరిగ్గా వినపడలేదు. రోడ్డు మీదికి వచ్చి మళ్లీ అడిగాను. "మీ సారు పోయిండు బిడ్డా. పొద్దుగాల ఊపిరి అందలే," అంది. గొంతులో ఏడుపు లేదు. ఆ మాట ఎలా చెప్పాలో ముందే అనుకుని పెట్టుకున్నట్టుంది.

మధ్యాహ్నం పంజాగుట్ట శ్మశానంలో ఇంటివాళ్లు కాక నలుగురైదుగురం ఉన్నాం. ఆయన ఈల వినపడితే వరసలో నిలబడ్డ పిల్లలు ఈ నగరంలోనే ఎంతమందో ఉంటారు. వాళ్లకు కబురు అందలేదనుకోవచ్చు. కానీ రిటైరయ్యాక ఆదివారాలన్నీ ఆయన ఎవరి మధ్య గడిపారో ఆ రోబోల ఆటవాళ్లకు కబురు అందింది. నేనూ, నాతో కలిసి ఆ ఆట ఆడే లావణ్యా తప్ప ఎవరూ రాలేదు. ఆయన అమ్ముడుపోయిన రెఫరీ అని వాళ్లలో ఒక మాట పుట్టింది. అది పుట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను. అందులో ఎంత నిజమో, ఎంత కాదో రాయడమే ఇప్పుడు ఆయనకు నేను చేయగలిగింది.

సిద్దిపేట దిక్కు మా ఊరి బడిలో ఆయన డ్రిల్లు సారు. మాకు తెలిసిన ఆట కబడ్డీ. బడి వెనక జాగాలో ఆట మొదలుపెట్టేముందు ఆయన బూట్లు విడిచి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవారు. పల్లేరుకాయ కాలికి గుచ్చుకుంటే తీసి జేబులో వేసుకునేవారు, పక్కకు విసిరేసేవారు కాదు. ఈల మెడలో ఉండేది గానీ ఊదడం తక్కువ. కూతకు వచ్చినవాణ్ణి పట్టడం నేర్పేటప్పుడు ఎప్పుడూ ఒకటే మాట. "మీదికొచ్చేటోన్ని పట్టకురా, తంతడు. మర్లేటోన్ని పట్టు." ఆయన చెప్పినట్టే, వెనక్కి మళ్లేటప్పుడే పట్టేవాణ్ణి. నా పట్టు దొరికేది గానీ నిలిచేది కాదు.

డిప్లొమా అయ్యాక అందరిలాగే నేనూ కంప్యూటర్ కోర్సుకని అమీర్‌పేట వచ్చాను. కోర్సు తలకెక్కలేదు, ఇనుప పనిలో పడ్డాను. కొన్నేళ్లకు, కూరగాయల బండి దగ్గర తెల్ల క్యాన్వాసు బూట్లు కనిపిస్తే తలెత్తి చూశాను. సారే. కూతురు దగ్గర్లో ఉంటుందని ఇక్కడే ఇల్లు తీసుకున్నారట. "ఈడ నడుద్దామంటె జాగ లేదు, నిలబడుదామంటె నీడ లేదురా," అన్నారు. చేతి సంచిలో తోటకూర ఉంది. పని లేని మనిషి ముఖం అది. మా ఊళ్లో నేను ఎప్పుడూ చూడని ముఖం.

అప్పటికే నేనూ లావణ్యా కలిసి ఒక రోబో కట్టాం. తెలియనివాళ్ల కోసం ఆ ఆట సంగతి చెబుతాను. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో ఒక సెల్లార్ ఉంది. శ్రీకాంత్ అన్న దాన్ని అద్దెకు తీసుకుని, మందపాటి ప్లాస్టిక్ పలకలతో గదంత పెట్టె కట్టించాడు. ఆదివారం మధ్యాహ్నాలు అందులో రెండు చిన్న రోబోలను వదులుతారు. బయట నిలబడి రిమోట్లతో నడుపుతారు. ఎదుటిదాన్ని కదలకుండా చేసినా, మూలనున్న గుంతలో పడేసినా గెలిచినట్టు. ఎక్కువమంది గిర్రున తిరిగే బ్లేడు పెడతారు. తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి, జనం కేకలు వేస్తారు. మాది నోరున్న రోబో. కింది దవడ నేలను రాసుకుంటూ ఎదుటిదాని కిందికి దూరుతుంది. పై దవడ దిగి బిగిస్తుంది. అప్పుడు ఎత్తితే అవతలి చక్రాలు గాలిలో తిరుగుతూ ఉంటాయి, దాని బలం ఎందుకూ పనికిరాదు. నేను దానికి ఎండ్రకాయ అని పేరు పెట్టాను. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఆఫీసులో పనిచేసే లావణ్య, "పీత అంటే సరిపోద్ది కదండీ," అంది గానీ ఒప్పుకుంది. దవడలు చేయడం నా పని, నడపడం ఆమె పని.

పట్టుకునే రోబోతో ఒక తగువు ఉంది. ఎంతసేపు పట్టుకోవచ్చు? వదలకపోతే ఆటే ఉండదు. వెంటనే వదలమంటే నోరు పెట్టి లాభం లేదు. "ఎంతసేపు పట్టుకుంటరన్నా? ఇదేమన్న పెండ్లా?" అని బ్లేడు జట్టు కుర్రాళ్లు అరిచేవాళ్లు. శ్రీకాంత్ అన్న ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల మాట వినేవాడు. చివరికి విసిగి, ఏ జట్టుకూ చెందని మనిషిని చూడమన్నాడు. నేను సారును తీసుకెళ్లాను.

ఆయన మొదటి ఆట అంతా మాట్లాడకుండా చూశారు. తర్వాత, "గిది మన కబడ్డేనే," అన్నారు. "పట్టినోడు నా కూత ఉన్నంతసేపు పట్టాలె. కూత ఆగితే ఇడువాలె. గంతే."

"సార్, ఫోన్ల టైమర్ ఉంటది," అన్నాడు బ్లేడు జట్టు కుర్రాడు.

"టైమర్ చూస్కుంట కూసుంటె ఆటెవరు చూస్తరు? మీ తాత చూస్తడా?"

అలా మొదలైంది. దవడలు బిగియగానే ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని పెట్టె దగ్గరికి వంగేవారు. "కబడ్డి కబడ్డి కబడ్డి" అని ఒక్క ఊపిరిలో, పెద్ద గొంతు కాదు, అనుకుంటూ పోయేవారు. ఊపిరి అయిపోగానే "ఇడువు!" వదలాల్సిందే. మొదటి వారం అందరూ నవ్వారు. తర్వాత్తర్వాత, పట్టు పడిందంటే సెల్లార్ అంతా నిశ్శబ్దమయ్యేది. మోటార్ల రొదలో ఆయన కూత వినడానికి ముందువరసలో వాళ్లు చెవి పెట్టేవాళ్లు. నాగలి పట్టిన ఇంటి ఊపిరి, చాలాసేపు నడిచేది. అప్పట్లో మా దవడ స్క్రూతో బిగిసేది. నిదానంగా మూసుకునేది గానీ, మూసుకుంటే దేన్నీ జారనిచ్చేది కాదు. ఆ కూతలో అంత నిదానానికీ చోటుండేది.

ఆయన చెప్పినవన్నీ సరైనవి కావు. "మడిమ పట్టినట్టు పట్టాలె, ఇంక కిందికి," అంటే నేను దవడను బాగా ముందుకీ కిందికీ దించాను. ఎదుటిదాన్ని ఎత్తబోయి ఎండ్రకాయే ముక్కు మీద బోర్లా పడింది. సెల్లార్ అంతా గోల. "కాలు పట్టమన్న, సాష్టాంగం పడమన్ననా?" అన్నారు సారు, అందరికంటే ఎక్కువ నవ్వుతూ. బ్యాటరీని వెనక్కి జరిపి, కింద రెండు కడ్డీలు ముందుకు ఊతంగా పెట్టాక నిలబడింది. కానీ దవడలకు పళ్లు వద్దన్నది మాత్రం ఆయన మాటే. "మన్ను రాసుకుని పడుతం ఎందుకు? జారొద్దని." పాత సైకిల్ ట్యూబు కోసి లోపల అంటించాను. పళ్ల కంటే అదే బాగా పట్టింది.

కూత తగ్గడం ముందు లావణ్య పసిగట్టింది. నడిపే మనిషి బొటనవేలికి ఆ సంగతి తెలుస్తుంది.

"మీ సారు గారు ఏంటండీ, ఈ మధ్య తొందరగా ఆపేస్తున్నారు?"

"నీకట్ల అనిపిస్తుందేమో."

"అనిపించడం కాదు. ఎత్తేలోపే వదిలెయ్యమంటున్నారు."

స్క్రూ తీసేసి గేర్లు పెట్టాను. నోరు చటుక్కున మూసుకోవడం మొదలుపెట్టింది. కానీ ఇందులో ఒక లెక్క ఉంది, వేగం పెంచితే బలం తగ్గుతుంది. బరువైనవి జారిపోసాగాయి. కొన్నాళ్లకు ఆ వేగమూ చాలలేదు, మళ్లీ గేర్లు మార్చాను. పట్టు ఇంకా వదులైంది.

ఒక ఆదివారం సారు ఎండ్రకాయను చేతుల్లోకి తీసుకుని దవడ మధ్య తన వేలు పెట్టి చూశారు. "పట్టు గిట్ల వదులైందేందిరా?" అన్నారు.

"తొందరగ మూయాలని గేర్లు మార్చిన సార్. టైం సరిపోతలేదు."

ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, ట్యూబు ముక్క అంచు లేచి ఉంటే బొటనవేలితో నొక్కి, చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డారు.

మాట పుట్టిన రోజు సంగతికి వస్తాను. అది పెద్ద ఆట. గెలిచిన జట్టు బెంగళూరు పోటీకి వెళ్తుంది. లావణ్య ఆఫీసులో సెలవు కూడా అడిగి పెట్టుకుంది. చివరి ఆట బ్లేడు జట్టుతో. ఆమె ఎంతో ఓపికగా తిరిగి తిరిగి, బ్లేడు రోబో వెనక్కి మళ్లినప్పుడు పక్క నుంచి పట్టింది. ఎత్తింది. గుంత వైపు మోసుకెళ్తోంది. జానెడు దూరంలో ఉండగా కూత ఆగింది. "ఇడువు!" అన్నారు సారు.

లావణ్య వదిలింది. కింద పడ్డ బ్లేడు తిరుగుతూ వచ్చి మా పై దవడను ఊడగొట్టింది. ఆట అయిపోయింది.

ఆమె రిమోట్ బల్ల మీద పెట్టింది. "జానెడు దూరం సార్! ఎందుకాపారు?"

"కూత ఆగింది బిడ్డా."

"మీకిష్టమైనప్పుడు ఆగుద్దా?"

వెనక నుంచి ఎవరో, "బ్లేడోళ్లు చాయ్ తాపిన్రు తీ," అన్నారు. కొందరు నవ్వారు. శ్రీకాంత్ అన్న, "జర ఆగున్రి, పాత వీడియోలు ఉన్నయి, చూద్దాం," అని ఫోన్ తీశాడు. మొదటి రోజుల ఆటలోని సారు కూత వినిపించాడు. తర్వాత ఆ రోజుది. పక్కపక్కన చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, సగానికి సగం తగ్గింది. అందరూ ఆ చిన్న తెర మీదికి వంగి చూశారు. సారూ చూశారు. మొదటి వీడియోలో తన గొంతు ఆగకుండా నడుస్తుంటే తల కొంచెం పక్కకు వంచి విన్నారు.

"నిజమే. తక్వనే ఉంది," అన్నారు. "వచ్చే వారం నుంచి టైమరే పెట్టుకోన్రి."

కారణం చెప్పలేదు. మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఒకసారి ఆగారు. సిగ్గుతో ఆగారని అనుకున్నవాళ్లున్నారు.

తర్వాత నేను సారు ఇంటికి వెళ్లేసరికి ఆయన ముక్కుకు గొట్టం ఉంది. మంచం పక్కన మిషను గురగురమంటోంది. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బట. బంజారాహిల్స్‌లో పెద్ద డాక్టరుకు కూడా చూపించారట. తగ్గించే మందు లేదన్నారట. "అందరికి చెప్త సార్," అన్నాను.

"ఏం చెప్తవ్? ఊపిరి లేదని చెప్తే ఆ పిల్ల గెలుస్తదా?" అన్నారు. కొంచెం ఆగి, ఊపిరి కూడదీసుకుని, "మంచిగ పట్టిందిరా. మర్లినంకనే పట్టింది," అన్నారు. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారు. ఆయన బతికున్నంతకాలం నేను చెప్పలేదు.

శ్మశానం నుంచి సారు ఇంటికి వచ్చాక, గుమ్మంలో కాళ్లు కడుక్కుంటుంటే ఇంటామె చెప్పింది. "ఆయనకు మస్తు ముందుగాలనే ఎర్కే. ఆదివారం పోకు అంటె ఇనేటోడు గాదు. పొద్దుగాల మేడెక్కి కబడ్డి కబడ్డి అనుకుంట తిరిగేటోడు. ఊపిరి పెరుగుతదని. దగ్గొచ్చి ట్యాంకు పక్కన కూసునేటోడు. కిందింటోళ్లు ముసలాయనకు పిచ్చి లేసిందన్నరు." లావణ్య చెంబు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆయన తప్పు చేయలేదని నేను రాయను. కొలత చెడిపోయిందని తెలిసి కూడా దాంతోనే కొలిచారు. నా గేర్లు చూసిన రోజునైనా పక్కకు తప్పుకోవాల్సింది. లావణ్య ఓడిపోయింది, ఆ ఓటమిని ఎవరూ వెనక్కి ఇవ్వలేరు. కానీ ఆయన ఎవరి చాయ్‌కీ అమ్ముడుపోలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆయన చెప్పే మాట కోసం కొందరు మనుషులు చెవి పెట్టి వింటారు. దాన్ని వదులుకోలేకపోయారు. పట్టు గురించి అంత తెలిసిన మనిషి. ఆయన తప్పా, ఆ వదులుకోలేనితనమా, ఈ రెండింటిలో ఏది పెద్దదో నాకు తెలియడం లేదు. రాస్తే తెలుస్తుందనుకున్నాను.

మొన్న ఆదివారం సెల్లార్‌కు వెళ్లాం. ఆటలకు ముందు శ్రీకాంత్ అన్నకు సంగతి చెప్పాను. అతను మైకు తీసుకుని, తడబడుతూ, "డ్రిల్లు సారుకు ఊపిరితిత్తుల బీమారి ఉండెనట. ఎవ్వల దిక్కు ఆడలేదాయన," అని పెట్టేశాడు. బ్లేడు జట్టు కుర్రాడు నేల చూపులు చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

మా ఆట వచ్చింది. ఇప్పుడు పట్టు పడగానే గోడ మీది తెరపై అంకెలు దిగుతాయి. జనం అంకెలతో పాటు అరుస్తారు. లావణ్య పట్టింది. మళ్లినప్పుడే పట్టింది. ఎత్తి గుంత వైపు నడిపింది. ఆ రోజు ఎవరూ అరవలేదు. మోటార్ల రొద తప్ప ఏమీ లేదు. ముందువరసలో వాళ్లు అలవాటు కొద్దీ తలలు ముందుకు వంచారు.

గుంతకు ఇంకా దూరం ఉండగానే దవడలు తెరుచుకున్నాయి.

"అక్కా, ఇంక టైమున్నది!" అని ఎవరో అన్నారు.

కావాలని తెరిచిందో, సారు కూత ఆగే చోటు అలవాటైన బొటనవేలే తెరిచిందో నేను అడగలేదు. జారిపడ్డ రోబో నేల మీద ఒకసారి ఊగి ఆగింది. అవతలి కుర్రాడు రిమోట్ పట్టుకుని నిలబడ్డాడు గానీ బ్లేడు తిప్పలేదు. తెర మీద అంకెలు దిగుతూనే ఉన్నాయి. వాటిని ఎవరూ చూడటం లేదు. పెట్టె మధ్యలో ఎండ్రకాయ నోరు తెరుచుకుని ఉంది.