మా అత్తగారి సగం సినిమా

పెద్ద కోతి కథ మా ఇంట్లో అత్తగారి సొత్తు. పెళ్ళికి ముందు ఆమె గోదావరి మధ్య లంకలోని పుట్టింటి నుంచి పడవలో ఏరు దాటి రాజమండ్రి వెళ్ళి, తన అన్నగారితో ఆ సినిమా చూశారట. పెళ్ళయ్యాక మామగారు హాలు గుమ్మం తొక్కనివ్వలేదు. అందుకే ఆ ఒక్క సినిమానే, నేను కాపురానికొచ్చిన నాటి నుంచి చెబుతూ వచ్చారు. దీవిలో మేడంత కోతి, దాని గుప్పిట్లో తెల్లపిల్ల, గొలుసులు వేసి పట్నం తేవడం. చివరికి పట్నం వాళ్ళు తప్పు తెలుసుకుని, మెడలో దండ వేసి, ఓడ ఎక్కించి దాని దీవికి పంపేస్తారు. ఓడ మీద నిలబడి కోతి చెయ్యి ఊపుతుంది. ఆ ఊపడం అత్తగారు లేచి నిలబడి చూపించేవారు.

కథ అయ్యాక నా వైపు తిరిగేవారు. "నువ్వేం చూశావే? మొక్కల నర్సరీలో మట్టి సంచులు తప్ప."

నలభై దాటాక నేను సాయంత్రం బడికి వెళ్ళి అక్షరాలు దిద్దుకుంటుంటే, "రాసుకో, రాసుకో. కలెక్టరుగారు నీ కోసం కుర్చీ ఖాళీ చేస్తున్నార్ట" అన్నారు.

ఆ సినిమానే కోట్లు పోసి మళ్ళీ తీశారని, తెలుగులో వచ్చిందని కడియంలో గోడ మీది పోస్టర్ కూడబలుక్కుని చదివింది నేనే. ఇంటికొచ్చి చెబితే అత్తగారు పట్టుచీర తీశారు. "పదండి, ముందేం జరుగుద్దో నేను చెప్తాను."

మా ఆయన, అత్తగారు, నేను, మా చిన్నమ్మాయి వెళ్ళాం. కోట్లు ఎక్కడ పోశారో తెలియలేదు గానీ, మొదటి గంట మాత్రం ఓడలోనే పోశారు. ఓడలో మాటలు, ఓడలో అలకలు, ఓడలో వంటవాడు. డబ్బింగులో అందరిదీ జలుబు చేసిన ఒకే గొంతు. దీవి మనుషులకి మసి పూసి, పళ్ళకి గార పట్టించి, మనుషుల్లా కాకుండా చేశారు. గేదెలంత పురుగులు, కొండలంత బల్లులు. ఆ బల్లులు గుంపుగా పరిగెడుతుంటే వాటి కాళ్ళ సందుల్లో హీరో పరిగెత్తాడు, చొక్కా కూడా నలగలేదు. డబ్బున్నవాడి పెళ్ళి విందులా ఉంది. విస్తరి నిండా వడ్డించారు, తినడానికి చోటు లేదు.

కోతి మాత్రం కోతే. దాని ఒంటి మీద వెంట్రుక వెంట్రుకా కదిలింది. ముసలి మొహం మీద పాత గాట్లు. అది మాట్లాడదు కాబట్టి డబ్బింగువాళ్ళు దాన్ని పాడు చెయ్యలేకపోయారు.

"నేను చెప్పలా? ఇప్పుడు చెట్టు విరుస్తుంది చూడండి" అని అత్తగారు ముందుగానే చెబుతున్నారు. కోతి చెట్టు విరిచింది. ముందు వరసవాళ్ళు కూడా వెనక్కి తిరిగి ఆమెను మెచ్చుకోలుగా చూశారు.

విశ్రాంతి అని తెర మీద పడగానే అత్తగారు చెప్పులు వేసుకుని, సంచి చంకన పెట్టుకుని వాకిలి వైపు నడిచారు.

"ఎక్కడికే అమ్మా?" అన్నారు మా ఆయన.

"అదే... అలవాటు" అని వచ్చి కూర్చున్నారు. రెండో సగంలో చివరిదాకా ఆమె ఒక్క ముక్కా ముందుగా చెప్పలేదు.

చివరికి కోతి ఆకాశమంత మేడ ఎక్కింది. చుట్టూ విమానాలు, తుపాకులు. "ఇప్పుడు ఓడొస్తుంది" అన్నారు అత్తగారు, గట్టిగా.

"ఏ ఓడండీ మామ్మగారూ? మేడ మీదకేనా?" అన్నాడు ముందు వరసాయన. హాలు సగం నవ్వింది. అత్తగారు కొంగు మొహానికి కప్పుకున్నారు.

అక్కడే ఆ సినిమా గొప్పదనమంతా ఉంది. ఒళ్ళంతా గుళ్ళు తగిలిన కోతి, పట్టు జారే ముందు, ఆ పిల్లని చూసింది. చాలాసేపు చూసింది. మొదటి గంట ఓడనీ, బల్లుల్నీ ఆ చూపు కోసం క్షమించేయొచ్చు. అత్తగారికి ఆ చూపు దక్కలేదు. ఆమె కొంగు తీసేసరికి కోతి రోడ్డు మీద చచ్చిపడుంది.

బయటికొచ్చాక మా ఆయన కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. "నీ కోతి చచ్చిందే అమ్మా! దండేసింది చచ్చాకేమో!"

"మామ్మ అబద్ధాలు చెప్పింది" అంది చిన్నమ్మాయి.

అప్పుడు నేను అడిగాను, మెల్లగా. "అత్తయ్యగారూ, మీ లంకకి ఆఖరి పడవ ఎప్పుడండీ?"

"పొద్దుగూకేలోపే."

"మరి మ్యాట్నీ అయ్యేసరికి పొద్దుగూకదాండీ?"

ఆమె బస్సు కోసం రోడ్డు వైపు తిరిగారు. మా ఆయనకి అప్పుడు అర్థమై మళ్ళీ నవ్వారు. లంకవాళ్ళంతా పడవ కోసం విశ్రాంతికే లేచిపోయేవారని, తను చూసింది సగమేనని, దండా ఓడా అన్నీ రేవు దాటుతూ అల్లుకున్నవేనని ఆమె ఎవరికీ చెప్పలేదు. బస్సులో నా పక్కన కాకుండా వెనక సీట్లో కూర్చున్నారు.

ఆ కథ ఆమె నోట మళ్ళీ రాలేదు. వీధిలో పిల్లలకి చిన్నమ్మాయి చెప్పేది, కోతిని చంపి మరీ.

చాలా రోజుల తర్వాత చింతపండు పిక్కలు తీస్తూ అత్తగారు నన్ను పిలిచారు. గొంతులో వెనకటి కారం లేదు.

"అమ్మాయ్. నేను కొంగు కప్పుకున్నాను కదా. చచ్చే ముందు అది ఎటు చూసింది?"

మా ఇంట్లో ఆ సినిమా ఆమెకన్నా పూర్తిగా చూసినదాన్ని ఇప్పుడు నేను. ఆమె చేతిలో పిక్క పట్టుకుని నా మొహంలోకే చూస్తున్నారు.

"ఎటూ చూడలేదండీ" అన్నాను. "దబ్బున పడిపోయింది."