ఊఁ మేస్త్రి టార్చిలైటు

లిఫ్టులు బాగుచేసే ఆయన్ని అందరూ ఊఁ మేస్త్రి అనేవాళ్లు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో పని దగ్గర ఆయన నోట ఎవరైనా విన్న మాటంటూ ఉంటే అదొక్కటే. లిఫ్టు నెత్తిమీద నిలబడి, రెండు చేతులూ తీగల్లో పెట్టే మనిషికి టార్చిలైటు పట్టుకోడానికి మూడో చెయ్యి ఎక్కణ్ణించి వస్తుంది? అందుకని నోట కరుచుకునేవాడు.

"కరెంటు ఆపారా మేస్త్రీ?"

"ఊఁ."

"టిఫిన్ చేశారా?"

"ఊఁహూఁ."

అక్కడికి కబుర్లు సరి.

ఇలా హాయిగా సాగిపోతుండగా పైపళ్లు ఊడి కట్టుడు పళ్లొచ్చాయి. వచ్చిన వారానికే, టార్చి బరువుకి పళ్లసెట్టు జారి, రెండూ కలిసి ఐదంతస్తుల కిందున్న గుంతలో పడ్డాయి. టార్చి ముక్కలైంది. పళ్లు మాత్రం గ్రీజు మడుగులో ఇకిలిస్తూ దొరికాయి. ఇదంతా కుర్ర సూపర్‌వైజరు పైనించి చూడనే చూశాడు.

"చాలించండి పెద్దాయనా. ఆఫీసులో ఫోను దగ్గర కుర్చీ వేయిస్తాను, ఫిర్యాదులు రాసుకుందురుగాని."

"ఊఁహూఁ," అన్నాడు మేస్త్రి, పళ్లు జేబులో పెట్టుకుని.

"అయితే సోమవారం పక్కనే నిలబడి చూస్తా. మీ దగ్గర్నించి ఒక్క వస్తువు కింద పడినా కుర్చీయే."

గ్రీజు వాసన లేనిచోట ఆయనకి ఊపిరి సరిగా ఆడదు. పైగా రోజంతా కుర్చీలో కూర్చోవడమంటే ఆయన లెక్కలో జబ్బు చెయ్యడమే.

ఇంటికెళ్లి భార్యకి చెప్పాడు. ఆవిడ దర్జీ పని చేస్తుంది. పెదాల మధ్య వరసగా గుండుసూదులు. ఇంట్లో ఇద్దరివీ ఇలాంటి నోళ్లే కాబట్టి ఆ కాపురంలో పోట్లాటలు తక్కువ. సూదులన్నీ ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చాక అంది: "పదిహేను సూదులు పెట్టుకుంటాను, ఒక్కటీ జారదు. మీకు ఒక్క టార్చి ఆగలేదా?"

"నీవి సొంత పళ్లు."

మర్నాడు ఇద్దరూ ఎలక్ట్రికల్ కొట్టుకి వెళ్లారు. కొట్టు నడిపే అమ్మాయి అరచేతి పొడుగున్న నల్లటి ఎల్ఈడీ టార్చి తీసింది. "దీని వెలుగు వీధి చివరిదాకా పోతుంది బాబాయిగారూ."

"నాకు మూరెడు చాలు," అంటూ మేస్త్రి దాన్ని రుమాలుతో తుడిచి పళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"బాబాయిగారూ, అది అమ్మే సరుకు."

"ఊఁ."

మీట తోక దగ్గరుంది. కొరికితే వెలుగు తగ్గింది. ఇంకాస్త కొరికితే టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది.

"ఆపదలో ఉన్నప్పుడు సాయానికి పిలిచే గుర్తండీ అది," అంది కొట్టు అమ్మాయి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ముందు నోట్లోది తీయండి," అంది భార్య, "నిజంగానే ఎవరైనా వచ్చేస్తారు."

రెండోదాన్ని చెవి దగ్గర ఊపి చూశాడు. లోపల బ్యాటరీ గడగడలాడింది. పక్కన పెట్టేశాడు. మూడోదాన్ని ఛాతీ ఎత్తునించి నేలమీద వదిలాడు. ఆరిపోయింది. నాలుగోది వేలంత ఉంది. ఒకే మీట, ఒకే వెలుగు, ఇంకే వేషాలూ లేవు. ఆ మీట కూడా తోక దగ్గర కాక పక్కన ఉండటంతో పొరపాటున పళ్లతో నొక్కే వీల్లేదు. దాన్నీ మూడుసార్లు వదిలాడు. వదిలినప్పుడల్లా కొట్టు అమ్మాయి కళ్లు మూసుకుంది గానీ టార్చి మాత్రం రెప్ప వెయ్యలేదు. మేస్త్రి మొహం విప్పారింది. ఆశగా కరుచుకున్నాడు. నున్నటి లోహం, నున్నటి పళ్లు. సబ్బుముక్కలా జారి చేతిలో పడింది.

మేస్త్రి స్టూలు మీద చతికిలబడ్డాడు. ఆఫీసు కుర్చీ ఆయన కళ్లముందు నాలుగు కాళ్లతో వచ్చి నిలబడింది.

భార్య ఆ టార్చి తీసుకుని, అలవాటు కొద్దీ బట్టని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక, పెన్నుకుండేలాంటి క్లిప్పు ఉంది. అంచుకి సూది గుచ్చినంత తేలిగ్గా, ఆయన టోపీ చూరుకి తగిలించింది.

"తలూపండి."

ఊపాడు. కొట్టంతా వెలుగు ఊగింది.

"జారుతోందా?"

"ఊఁహూఁ."

"నోరు ఖాళీయే కదండీ. మాటల్లో చెప్పండి."

మేస్త్రి ఆశ్చర్యంగా నోరు తడుముకున్నాడు.

సోమవారం పొద్దున్నే ఒక నర్సమ్మ, డ్యూటీకి వెళ్తూ, రెండంతస్తుల మధ్య లిఫ్టులో ఇరుక్కుపోయింది. మేస్త్రి లిఫ్టు నెత్తికెక్కాడు. పైఅంతస్తు తలుపు దగ్గర సూపర్‌వైజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరైనా ఉన్నారా?" లోపల్నించి వణుకుతున్న గొంతు.

పూర్వమైతే చీకట్లోంచి 'ఊఁ' అని వినిపించేది. దాంతో లోపలివాళ్లు ఇంకాస్త బిగుసుకుపోయేవాళ్లు. ఇప్పుడు మేస్త్రి అన్నాడు: "ఉన్నానమ్మా, మీ నెత్తిమీదే. తలుపు దగ్గర తీగ ఊడింది, అంతే. భయపడకండి. కిందటి వారం నా పళ్లు ఏమయ్యాయో తెలుసా?"

ముప్ఫై ఏళ్ల మాటల నిలవ. ఆపేవాళ్లు లేరు. పళ్లు గుంతలో పడ్డాయి, కొట్లో టార్చి సాయానికి పిలిచింది, లోపల నర్సమ్మ పడీపడీ నవ్వింది. తీగ బిగిసింది. లిఫ్టు మెల్లగా దిగి కిందంతస్తుకి సరిగ్గా ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ మాత్రం కదల్లేదు. మొహం పైకెత్తి, "నాలుగోది పడేశాక ఏమైంది బాబాయిగారూ?" అంది.

సూపర్‌వైజరు కిందికి పరిగెత్తి గుంతలో వెతికాడు. స్క్రూ కూడా పడలేదు. మళ్లీ పైకొచ్చేసరికి మేస్త్రి ఇంకా చెబుతూనే ఉన్నాడు.

"మిమ్మల్ని ఫోను దగ్గర కూర్చోబెడితే ఇక మన లైను ఎవరికీ దొరకదు పెద్దాయనా," అన్నాడు సూపర్‌వైజరు. "మీరు పైనే ఉండండి."

మేస్త్రి తలూపాడు. ఆయనతోపాటు గోడమీద వెలుగూ ఊగింది.