క్రోటన్ కుండీల్లో జొన్నలు

మా నాయన అంతవరకూ సముద్రం చూడలేదు. అందుకే శ్రావణంలో, రుద్రవరం బడిలో వారం సెలవు పెట్టి, ఆయన్ను కోనసీమ తీరానికి తీసుకుపోయినాను. వానల కాలం. కొబ్బరితోటలో ఉన్న ఆ బసకు మేమిద్దరం తప్ప ఇంకెవరూ రాలేదు.

నాయన సముద్రంలో వేలు ముంచి నాకినాడు. తుపుక్కున ఊసినాడు.

"ఇన్ని నీళ్లుండీ ఒక్క మడికి పారవు. దీన్ని చూసేదానికా నువ్వు నన్ను నంద్యాలలో రైలెక్కించింది?"

ఇక సముద్రం మొగం చూడలేదు. ఆయన కన్ను తోట మీద పడింది. బస యజమానురాలు మందారాలు, నూరువరహాలు, వరసగా క్రోటన్ కుండీలు పెంచుకుంది. "మొక్కల్ని మాత్రం ముట్టుకోవద్దండీ" అని మొదటిరోజే చెప్పింది.

రెండోరోజు పొద్దున నాయన చొక్కా జేబులోంచి గుప్పెడు జొన్నలు తీసినాడు.

"ఇవి యాడివి నాయనా?"

"ఇంటికాడివే. ఈడ మన్ను ఎట్లుంటాదో చూద్దామని తెచ్చినా. నువ్వు పోయి ఆయమ్మతో మాట్లాడు పో."

పోయినాను. పిల్లలకు అబద్ధం చెప్పొద్దని పాఠం చెప్పేదాన్ని, పులస కూర ఎట్లా వండుతారో చెప్పమని ఆమెను వంటింట్లోనే అరగంట నిలబెట్టినాను. నేను చేపలే తినను.

బయల్దేరే రోజు కుండీలన్నిట్లో పచ్చగా మొలకలు. ఆమె వంగి చూసింది.

"అయ్యో, ఈ గడ్డెక్కడిది?" అంటూ ఒకటి పీకింది. రెండోదాని మీద చెయ్యి వేసింది.

నాయన గొడుగు పారేసి పరిగెత్తినాడు. "పీకొద్దు తల్లీ! అది గడ్డి కాదు, జొన్న! నేనే వేసినా!"

నాకు భూమిలోకి దిగబడిపోవాలనిపించింది. ఆమె నా వైపు తిరిగింది. "పులస కూర అందుకా?"

అవునని తలూపినాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్లనీళ్లు వచ్చేదాకా. అన్నీ పీకేసి, గేటు దగ్గరి కుండీలో మాత్రం రెండు మొక్కలు ఉంచింది.

కార్తీకంలో ఆమె ఫోటో పంపింది. క్రోటన్ ఆకుల మధ్య పిడికెడంత కంకి, దాని మీద ఒక చిలుక. "బాబాయిగారూ, దీన్ని ఎలా తోలాలండీ?" అని అడిగింది.

నాయన ఆ ఫోటోను ఆళ్లగడ్డ బస్టాండులో చాగలమర్రి బస్సు కోసం నిలబడినోళ్లందరికీ చూపించినాడు. "సముద్రం ఎట్లుందప్పా?" అని ఒకాయన అడిగితే, "ఉప్పగుంది. ఇది చూడు ముందు" అన్నాడు.