నాలుగు గుడ్ల వేడి

కనకమామిడిలో విమలమ్మ కోళ్లు పెంచేది. గుడ్లన్నీ మొయినాబాద్‌లో అమ్మేసేది తప్ప ఒక్కటి కూడా ఇంట్లో ఉడకనిచ్చేది కాదు. కూతురు రాధమ్మ రెండేళ్లుగా చింతపులుసు అన్నంతోనే నెట్టుకొస్తోంది.

అంతకుముందు ఆ ఇంట్లో రోజూ గుడ్లు ఉడికేవి. కొడుకు ప్రేమదాసు కానిస్టేబుల్ కొలువుకు పోతే ఎత్తు సరిపోయింది, ఛాతీ చాలలేదు. అక్కడి డాక్టరు, "ఒంట్ల ఏ రోగం లేదు, మంచిగ తిని మళ్ల రా" అన్నాడు. విమలమ్మ ఆ మాట పట్టుకుంది. పొద్దున్నే నాలుగు గుడ్లు, పిడికెడు శనగలు, ఆదివారం చర్చి నుంచి రాగానే మాంసం. కసరత్తు చేసిన కొడుక్కి చొక్కా బిగుతవుతుంటే మురిసిపోయేది.

అది అరవై తొమ్మిది. కుర్రాళ్లంతా జై తెలంగాణ అంటూ పట్నం బస్సెక్కుతున్నారు. ఒక పొద్దున ప్రేమదాసూ ఎక్కాడు. సాయంత్రానికి పోలీసు కాల్పుల్లో పోయాడని కబురొచ్చింది.

ఎదురింటి మారెమ్మ మనసు చెడ్డది కాదు గానీ, ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. శవం వాకిట్లో ఉండగానే అనేసింది: "రోజుకు నాలుగు గుడ్లు పెడితే వేడి నెత్తికెక్కదా? గందుకే తుపాకికి ఎదురువోయిండు." గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే.

మారెమ్మ మర్నాటికి ఆ మాట మరిచిపోయింది. విమలమ్మను మాత్రం అది వదల్లేదు. కోడి అరిస్తే చాలు, గోడ అవతల కొడుకు దండీలు తీస్తున్న ఊపిరి వినిపించేది. అప్పుడే పెట్టిన గుడ్డు వెచ్చగా అరచేతికి తగిలితే ఒళ్లు జలదరించేది. నా చేత్తోనే పెట్టాను, నా చేత్తోనే పంపాను అనుకునేది.

ఒకనాడు జొన్నచేలో కలుపు తీస్తూ రాధమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. చేవెళ్ల దవాఖానలో నర్సు శకుంతలమ్మ పిల్ల కనురెప్ప తిప్పి చూసి, ఏం తింటోందో విమలమ్మను అడిగింది.

"పప్పు, గుడ్లు, ఆకుకూరలు పెట్టమ్మా. పిల్లకు బలం లేదు."

"గుడ్లు వేడి గద సిస్టరమ్మా."

"కిడ్నీల జబ్బున్నోళ్లయితే డాక్టరునడిగి తినాలె. ఏ జబ్బు లేనోళ్లకు ఏం గాదు."

"రోజుకు నాలుగు దిన్నా?"

"కసరత్తు చేసెటోడు దిన్నా ఏం గాదు."

"నెత్తికెక్కి మతి తప్పదా?"

శకుంతలమ్మ నవ్వింది. "గుడ్లు తింటే మతి తప్పుతదా అమ్మా?"

విమలమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. మంచిమాటే చెప్పానే అని నర్సు కంగారుపడింది.

"నా తప్పనుకున్నన్ని దినాలు సచ్చిన కొడుకు నా చేతులనే ఉండె సిస్టరమ్మా, ఇయ్యాల చెయ్యి జారిండు," అంది విమలమ్మ.

తిరుగు బస్సులో, ఇంట్లో గుడ్లు ఎందుకు మానేసిందో కూతురికి అంతా చెప్పుకుంది. మర్నాడు పొద్దున గుడ్లు ఉడకేసింది. చేతికి పాత లెక్కే అలవాటు, నాలుగు వేసింది. రాధమ్మ పళ్లెం తల్లి వైపు జరిపింది.

"ఆ పొద్దున అన్న తన గుడ్లన్ని నాకే పెట్టిండు అవ్వా. బస్సు పోతదని ఉట్టి కడుపుతోనే ఉరికిండు. చెప్తే నువ్వు ఏడుస్తవని చెప్పలే."

రెండేళ్లు కొడుక్కి ఎక్కువ పెట్టానని కుమిలిన తల్లి, ఆ పూట నుంచి వాడు ఆకలితో పోయాడని కుమిలింది.