సున్నం పడవ

రాజమండ్రి కాలేజీలో మా రసాయన శాస్త్రం మాస్టారు ఒకనాడు పింగాణీ గిన్నెలో కాల్చిన సున్నం గడ్డ పెట్టి, దాని మీద గరిటెడు నీళ్లు పోశారు. గడ్డ బుసలు కొట్టి, ఆవిర్లు కక్కి, పిండైపోయింది. బట్టీలో అది తిన్న వేడిలో కొంత ఇప్పుడు బయటికొస్తోందని ఆయన చెప్పారు. మేమంతా చప్పట్లు కొట్టాం. మా నాన్నగారిది సున్నం వ్యాపారం కనుక నేను మరికాస్త గట్టిగా కొట్టాను.

ఆ సెలవుల్లో నాన్నగారితో కాలవలో సున్నం పడవ మీద వెళ్లాను. కాలవ లాకులు కట్టేవాళ్లు తడపని సున్నమే కావాలన్నారట. అడుగు చెక్కల చెమ్మ తగలకుండా కింద మోకాలెత్తు వరిగడ్డి పరిచి, దాని మీద గడ్డలు పోయడం మావాళ్ల పద్ధతి.

“సున్నం కాస్త తడిసినా గడ్డి అంటుకుంటుందేమోనండి,” అన్నాను.

“మీ తాత నాటినుంచీ అంటుకోనిది, నీ చదువుతో అంటుకుంటుందేంట్రా?” అని నాన్నగారు నవ్వారు. మా ఇంటిల్లిపాదికీ కూడు పెట్టేది ఆ ఒక్క పడవే. దాని గురించి ఆయనకు తెలియనిది నాకేం తెలుస్తుందని ఊరుకున్నాను.

మధ్యాహ్నం గట్టు వారనే పోతుండగా అడుగున ఎక్కడో చెక్కల సందు విడిచి నీరు ఊరింది. ముందు వెచ్చటి సున్నం వాసన, వెనకే గడ్డి పొగ. పడవ నడిపే సరంగు బిందెతో కాలవ నీళ్లు ముంచి ఎత్తాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

“పొయ్యకు! నీళ్ల వల్లే రాజుకుంది.”

“నిప్పు మీద నీళ్లు కాకపోతే ఇంకేం పొయ్యమంటారండీ?”

వేడి ఎందుకు పుడుతుందో చెప్పిన మాస్టారు, దాన్ని ఆపడం ఎలాగో చెప్పలేదు. ఎటు చూసినా నీళ్లే. గట్టు మన్నయినా పోద్దామంటే, అదీ వానకు తడిసి ముద్దయి ఉంది.

నాన్నగారు వట్టి చేతులతో గడ్డలు ఎత్తి బయటికి విసరసాగారు. అరచేతులు బొబ్బలెక్కినా ఆగలేదు. సరంగూ నేనూ ఆయన్ని గట్టు మీదికి ఈడ్చేసరికి గడ్డి గుప్పున అంటుకుంది. ఒడ్డున తాటాకిళ్ల వాళ్లు పరుగున వచ్చి, తమ ఇళ్లు అంటుకుంటాయన్న భయంతో గడలతో పడవను కాలవ మధ్యకి నెట్టేశారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. అయినా ఆ క్షణాన వాళ్లందరినీ తిట్టాలనిపించింది. తిట్టలేక ఏడ్చాను.

నాన్నగారు కాలిన చేతులు గాలికి చాపుకుని నా పక్కకు వచ్చారు.

“ఎప్పటికి చల్లారుద్దిరా?”

“లోపలున్న సున్నమంతా తడిసేదాకా చల్లారదు నాన్నగారూ.”

“మధ్యలో ఆపటానికేం లేదా?”

“లేదండి.”

ఆయన కాసేపు పడవకేసి చూసి, ఆ బురదలోనే చతికిలబడ్డారు.

“అయితే కూర్చోరా,” అన్నారు. “నిలబడి మాత్రం ఏం చేస్తావు.”