ఆకాశంలో నేను నింపిన గూడబాతులు

నిన్న జమ్మలమడుగు బస్సులో ఎవరో చేపల బుట్టను నా కాళ్ళ దగ్గర పెట్టారు. ఆ నీచువాసనకు సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. రిజర్వాయరు గట్టు, దాని మీద మోకాళ్ళు పట్టుకుని నడిచే జుబేదా మేడం గుర్తొచ్చారు.

ఆమె ప్రొద్దుటూరులో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. నాది పెళ్ళి ఆల్బమ్‌ల పని. ఫోటోలోని ఖాళీ కుర్చీల్లో కంప్యూటరు మీద బంధువుల్ని నింపడంలో నన్ను మించినవాడు లేడు. ఒక పెళ్ళిలో ఒకే పెదనాన్నను నాలుగు వరుసల్లో కూర్చోబెడితే ఆయనే మురిసిపోయాడు. ముక్కు కింద సంచి వేలాడే గూడబాతు ఒకటి పులివెందుల బస్సును ఎర్రగుంట్ల దాకా తరిమిందని నేను చెబితే మేడం పగలబడి నవ్వారు. "నోటితో ఎన్నయినా చెప్పుకోప్పా. కెమెరాతో మాత్రం చెప్పొద్దు" అన్నారు.

పక్షుల ఫోటోలు తీయడం నేర్పుతానని నన్ను గట్టు మీద గంటలకొద్దీ బోర్లా పడుకోబెట్టేవారు. "పక్షి కన్ను పట్టు, మిగతాది అదే వస్తాది. కదలొద్దు! నీకంటే ఆ తుమ్మచెట్టు నయం." నాకేమో ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది.

రిజర్వాయరులో గూడబాతులు వాలే మూల ఒకటుంది. అవి ఏటికేడు తగ్గిపోతున్నాయని, ఆ మూలన వలలు వేయకుండా ఆపించాలని ఆమె తిరగని చోటు లేదు. వలల సంగతి తేల్చే మీటింగులో చూపడానికి నేను తీసిన ఫోటో అడిగారు. అందులో ఉన్నవి ఏడే. మేడం పరువు పోతుందనిపించింది. కంప్యూటరు ముందు కూర్చుని ఆకాశం నింపేశాను.

మీటింగులో ఆఫీసరు ఫోటో పైకెత్తాడు. "తగ్గినాయంటారేంది మేడం? శానా ఉండాయి గదా!" అందరూ నవ్వారు. మేడం అద్దాలు పెట్టుకుని చూశారు. రెక్కలో ఒక ఈక ఊడిన గూడబాతు మూడు చోట్ల ఎగురుతోంది.

"ఈ ఫోటో చెల్లదు. వెనక్కి తీసుకుంటాండా" అన్నారు. ఆ తరువాత ఆమె ఏం చెప్పినా ఎవరూ వినలేదు.

తిరుగు బస్సులో సగం దారి పోయాక అడిగారు. "ఎన్ని పెట్టినావు?"

"పదకొండు, మేడం."

"ఎందుకప్పా?"

"ఆకాశం బోసిగా ఉండింది."

"ఆ మాట చెప్పడానికే గదప్పా మనం పోయింది!"

ఇక నన్ను పిలవరనుకున్నాను. వారం తిరక్కుండా ఫోన్ మోగింది. "యాడుండావు? బస్సొస్తాంది."

మేము పోయేసరికే ఆ మూలన వలలు వేసేశారు. గూడబాతులు రెండు చుట్లు తిరిగి, కాళ్ళు నీళ్ళకు ఆనకుండానే కొండ అవతలికి పోయాయి.

"ఇప్పుడు తియ్యి."

"ఏముంది మేడం తీయడానికి?"

"అదే తియ్యి."

తీశాను. నీళ్ళు, వలలకు కట్టిన బెండు ముక్కలు, అంతే. మేడం పోయి మూడేళ్ళయింది. ఎవరు పక్షుల ఫోటోలు అడిగినా ముందు ఆ ఫోటోనే పంపుతాను. పంపేముందు ప్రతిసారీ చెయ్యి దురద పెడుతుంది. ఆ చివర ఒక్క గూడబాతును వాలిస్తే ఎవరికి తెలుస్తుంది? లేచి గదిలో అటూ ఇటూ తిరుగుతాను. మళ్ళీ కూర్చుంటాను. నీళ్ళను ఖాళీగానే పంపేస్తాను.