ఒక్కొక్కరినీ తీసి చూసిన లెక్క

మార్చి 16, ఆదివారం, ఉదయం 11 గంటల 42 నిమిషాలకు దశాంశం జట్టు వరసగా మూడోసారి ఓడిపోయింది.

దశాంశం అతని అసలు పేరు కాదు. రక్తపరీక్షల ల్యాబులో పందొమ్మిదేళ్ళుగా యంత్రాల నాణ్యత చూస్తున్న ఆ మనిషికి తోటివాళ్ళు పెట్టిన పేరు. "జ్వరమా సార్?" అని పరామర్శిస్తే "తొంభై తొమ్మిది పాయింట్ నాలుగు" అని బదులిచ్చే మనిషికి అంతకన్న నప్పే పేరు దొరకదు. ఇంట్లో ఫ్రిజ్‌లో రెండు థర్మామీటర్లు పెట్టుకున్నాడు. "రెండూ చెరో మాట చెబితే ఏది నమ్ముతారు?" అని భార్య ఎగతాళి చేస్తే, "మూడోది కొంటాను," అన్నాడు. అది హాస్యం కాదు, నిజంగానే అన్నాడు.

ఓడిపోయింది ఫోనులో ఆడే ఆటలో. వింత జీవాలను పట్టుకోవడం, మేపి పెంచడం, ఆరింటిని జట్టు కట్టి ఎదుటి జట్టు మీదికి వదలడం, ఆట మొత్తం ఇంతే. ల్యాబులోని ఆరుగురూ తలా ఒక జీవాన్ని పెంచి ఉమ్మడి జట్టు కట్టారు. యంత్రాల ఆపరేటరు పెంచిన బొగ్గుపిల్లి నిప్పు కక్కేది. డ్రైవరు గాజుగద్ద పైనుంచి పొడిచేది. రిపోర్టుల మీద సంతకం చేసే డాక్టరమ్మది ఉరుముకప్ప, దశాంశానిది ఇనుపతేలు. శాంపిళ్ళ కౌంటరులో కూర్చునే ఇద్దరివి మాత్రం ఎవరి జోలికీ పోయేవి కావు. అందరూ బాబాయి అని పిలిచే పెద్దాయన 'బొంత' అనే మెత్తటి జీవాన్ని పెంచాడు. దెబ్బ తిన్నదాన్ని కప్పి గాయం మాన్పడమే దాని పని. రెండో ఆవిడ దశాంశానికి వదిన, భార్యకు తోడబుట్టిన అక్క. ఆమెది నత్తమ్మ. అదీ గాయాలు మాన్పేదే. నింపాదిగా పాకుతూ వెళ్ళి, గాయం నాకి, అంతే నింపాదిగా వెనక్కి వచ్చేది.

జనవరిలో పోటీలు మొదలయ్యేసరికి ఏ జీవం ఎంత పనికొస్తోందని తగువు వచ్చింది. ఎవరి బిడ్డ వారికి ముద్దు కాబట్టి తగువు తెగలేదు. తెగ్గొట్టే పని దశాంశం నెత్తిన వేసుకున్నాడు. అతని పద్ధతి తేలికైనదే. జట్టులోంచి ఒక జీవాన్ని తీసి, దాని చోట అదనంగా ఉన్న ముళ్ళపందిని పెట్టాలి. మిగతా అయిదింటినీ ముట్టుకోకూడదు. సాధన కోసం ఆటలోనే ఉన్న ఒకే ప్రత్యర్థి మీద వంద పోరాటాలు నడిపి గెలుపులు లెక్కపెట్టాలి. ఎంత తగ్గితే అంత ఆ జీవం విలువ.

జట్టు పూర్తిగా ఉన్నప్పుడు వందకు డెబ్బై రెండు గెలుపులు. బొగ్గుపిల్లిని తీస్తే నలభై ఒకటి. గద్దనో తేలునో కప్పనో తీసినా గెలుపులు బాగా పడిపోయాయి. నత్తమ్మను తీస్తే డెబ్బై నాలుగు, బొంతను తీస్తే డెబ్బై మూడు. ఆ రెండూ ఉండటంవల్ల జట్టుకు ఒరిగేదేమీ లేకపోగా, కాస్త బరువే.

పట్టిక టీ యంత్రం పక్కన గోడకెక్కింది. మర్నాడు వదిన గ్లాసు పట్టుకొని దాని ముందు చాలాసేపు నిలబడింది.

"ఏం మరిదిగారూ, నా నత్తమ్మ ఉంటేనే నష్టమని తేల్చేశారా?"

"నేను తేల్చలేదు వదినా. వంద ఆటలు తేల్చాయి."

"ఆ వందలో అది మీ తేలు ప్రాణం ఎన్నిసార్లు నిలబెట్టిందో చూశారా?"

"అదంతా గెలుపుల్లో కలిసే ఉంటుంది. విడిగా చూడక్కర్లేదు."

"కరిచేదాన్ని పెంచుకోవాల్సింది. తెలివి తక్కువై నాకేదాన్ని పెంచుకున్నాను," అంది ఆమె.

బాబాయి టీ ఊదుకుంటూ, "పోనీలేమ్మా, మనిద్దరం ఓ పక్కన కూర్చుని చప్పట్లు కొడదాం," అన్నాడు.

"మీరు కొట్టండి బాబాయ్. అవతల మూడు పెట్టెలు దిగాయి, నా చేతులు ఖాళీగా లేవు."

ఆ పట్టిక మేనేజరు కంటపడింది. అతను దశాంశం కన్న పదేళ్ళు చిన్న, మాట మెత్తన. గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"సార్, పై ఆఫీసు నుంచి ఒత్తిడి. ఆరుగురిలో ఇద్దరిని తగ్గించమంటున్నారు. మనుషుల మొహాలు చూసి చెప్పడం నాకు చేతకాదు. మీ పద్ధతిలో మొహమాటం లేదు. మనుషులకు పనికొస్తుందా?"

పనికొస్తుందన్నాడు దశాంశం. మనుషుల్ని తీసి చూడనక్కర్లేదు. సెలవు పెట్టిన రోజులే చాలు. ఎవరు రాని రోజున ఎన్ని రిపోర్టులు ఆలస్యమయ్యాయో, ఎన్నింటిలో తప్పులు వచ్చాయో చూస్తే సరిపోతుంది. రెండేళ్ళ సెలవులు తీశాడు. డ్రైవరు రాని రోజు పని అతలాకుతలం. ఆపరేటరు రాకపోతే సగం రిపోర్టులు మర్నాటికే. డాక్టరమ్మ లేకపోతే సంతకాలే లేవు. తన సెలవులను కూడా అదే కొలతతో కొలిచాడు. వదిన రాని రోజున తేడా సున్నా, బాబాయి రాని రోజునా సున్నా. రెండుసార్లు సరిచూశాడు. తన మనిషని ఒక్క పాయింటు కలపలేదన్న సంగతి అతనికి లోలోపల తృప్తిగానే ఉంది. మార్చి 14, శుక్రవారం పట్టిక మేనేజరు చేతికి వెళ్ళింది.

ఆదివారం పోటీకి నత్తమ్మనూ బొంతనూ రెంటినీ దించేశాడు. వాటి చోట ముళ్ళపంది, దానితోపాటు కొత్తగా పట్టిన కొమ్ములబల్లి. కరిచేవి ఆరూ కలిసి మొదటి రెండు నిమిషాలు ఎదుటివాళ్ళను చీల్చి చెండాడాయి, ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి కూలాయి. మూడుసార్లూ అదే వరస.

కుర్చీలోంచి లేవకుండా సాధన పోరాటాలు మళ్ళీ నడిపాడు, ఈసారి రెండూ లేకుండా. వందకు తొమ్మిది గెలుపులు.

ఎక్కడ తప్పాడో అర్థం కావడానికి అతనికి ఎక్కువ సేపు పట్టలేదు. నత్తమ్మను తీసిన రోజున గాయాలన్నీ బొంత మాన్పింది. బొంతను తీసిన రోజున నత్తమ్మ మాన్పింది. ఒకటి లేని లోటు రెండోది పైకి రానివ్వలేదు. విడివిడిగా కొలిస్తే రెండూ ఇంచుమించు సున్నాలే. రెంటినీ కలిపి తీసినప్పుడు గాని ఆ సున్నాల వెనక అరవై మూడు గెలుపులున్నాయని తెలియలేదు. లెక్కలో ఎక్కడా కూడిక తప్పలేదు. అడిగిన ప్రశ్నే తప్పు.

వంటింట్లోంచి వదిన గొంతు వినబడుతోంది. చెల్లెలితో ఏదో చెబుతూ పకపకా నవ్వుతోంది. దశాంశం ఫోను బోర్లా పెట్టాడు.

కౌంటరులో జరిగేదేమిటో అతనికి తెలియనిది కాదు. ఊళ్ళోని పదకొండు కేంద్రాల నుంచి రక్తం గొట్టాలు పెట్టెల్లో వస్తాయి. గొట్టం మీది చీటీ, దానితో వచ్చిన కాగితం, మనిషి వయసు, పరీక్ష పేరు, అన్నీ ఒకటేనా అని చూసి లోపలికి పంపాలి. ఒక చీటీ మీద ఇంకో చీటీ అంటిస్తారు. తండ్రి గొట్టానికి కొడుకు కాగితం చుడతారు. అలాంటివి ఏరి పక్కన పెట్టి, కేంద్రానికి ఫోన్ చేసి చీవాట్లు పెట్టడం ఆ ఇద్దరి పని. ఒకరు రాకపోతే రెండోవాళ్ళు భోజనం మానేసి రెండు బల్లల పనీ చేసేవాళ్ళు. తప్పు లోపలికి వెళ్ళేది కాదు గనక ఎక్కడా తప్పు కనబడేది కాదు.

వదినకు ఆ బల్ల ఉద్యోగం మాత్రమే కాదు. పెళ్ళి పెటాకులై చెల్లెలి ఇంటికి వచ్చి ముందుగదిలో చేరిన మొదటి ఏడాది ఆమె ఈ ఇంట్లో గట్టిగా తుమ్మిన పాపాన పోలేదు. పనిలో చేరిన నెలకు గదికి తనే కర్టెన్లు కొనుక్కొచ్చింది. "పని ఉంటే ఈ ఇంట్లో మనిషిని, లేకపోతే చుట్టాన్ని," అని ఒకసారి చెల్లెలితో అంటుండగా దశాంశం విన్నాడు. అది తనతో అన్న మాట కాదు గనక విననట్టు ఊరుకున్నాడు.

సోమవారం తొమ్మిది గంటల పది నిమిషాలకు మేనేజరు గదిలో కూర్చొని, తన లెక్కలో పొరపాటున్నదని చెప్పాడు. నత్తమ్మ సంగతీ బొంత సంగతీ దాచకుండా చెప్పాడు. మేనేజరు నవ్వలేదు. శ్రద్ధగా విని, కాగితం మీద రెండు గుండ్రాలు గీసుకున్నాడు.

"అంటే ఇద్దర్నీ తీసేస్తే కౌంటరు మునుగుతుంది."

"మునుగుతుంది."

"ఒక్కరు ఉంటే?"

"ఒక్కరు ఉన్న రోజుల్లో తేడా రాలేదు. కానీ ఆ ఒక్కరూ రాని రోజున..."

"ఆ ఒక్కరోజు సంగతి అప్పుడు చూసుకుందాం. ఒక్కరు చాలని మీ లెక్కే చెబుతోంది. భలే సాయం చేశారు సార్, లేకపోతే ఇద్దర్నీ పంపేసేవాణ్ణి. రెండో పోస్టు ఇంకెక్కడైనా చూస్తాను." కలం బల్లమీద పెట్టాడు. "సరే, ఇద్దరిలో ఎవర్ని ఉంచమంటారు?"

ఈ ప్రశ్న వస్తుందని ఆదివారమంతా ఆలోచించిన మనిషికి తట్టలేదు.

నిజానికి అతనికి ఒక అంచనా ఉంది. పక్కన పెట్టిన గొట్టాలపై పట్టుకున్నవాళ్ళ సంతకాలు చూస్తూనే ఉండేవాడు. బాబాయి పది పట్టుకుంటే వదిన పన్నెండు పట్టుకునేది. కాని ఆ కొద్దిపాటి గొట్టాలతో పదికీ పన్నెండుకూ మధ్య తేడా నిజమైనదో, కాకతాళీయమో రుజువు చేయలేం. రుజువు కానిదాన్ని నోటితో అనడం అతనికి అలవాటు లేదు. పైగా ఆ పన్నెండు తన వదినవి. ఆమెను ఈ ల్యాబులో చేర్చింది తనే. అప్పట్లో ఆపరేటరు "ఇంటిల్లిపాదికీ ఇక్కడే బల్లలు వేయిస్తారా సార్?" అని చేసిన వేళాకోళం ఇప్పటికీ ముల్లులా ఉంది.

"ఇద్దరి మధ్య తేడా ఉందని చెప్పలేను," అన్నాడు.

"తేడా లేదంటారు."

"ఉందని చెప్పలేను అంటున్నాను."

"ఒకటే కదా సార్. అయితే బాబాయి ఉంటారు. మీ వదినగారిని ఉంచితే నలుగురూ నాలుగు మాటలంటారు, మీకే తలవంపులు." మేనేజరు జాలిగా చూశాడు. "ఏమంటారు?"

ఒకటి కాదని అతనికి తెలుసు. ఆ రెండు వాక్యాలకూ మధ్య ఉన్న దూరం తెలిసిన మనిషి ఆ గదిలో అతనొక్కడే. దశాంశం ఏమీ అనలేదు. మేనేజరు కొంచెంసేపు చూసి, ఆ మౌనాన్ని ఒప్పుకోలు కింద రాసుకున్నాడు.

నెలాఖరుకు ఆమెకు కబురు చెప్పారు. ఆ సాయంత్రం వదిన మామూలుగానే ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కొని, వంటింటి గడపలో నిలబడింది. చెల్లెలు అప్పటికే ఏడుస్తోంది.

"నువ్వు ఆపవే. చచ్చిందెవరూ లేరు," అని చెల్లెల్ని కసిరి, మరిది వైపు తిరిగింది. "ఒక్క మాట అడుగుతాను. నాకూ బాబాయికీ తేడా లేదన్నారట?"

"చెప్పగలిగినంత తేడా లేదన్నాను వదినా."

"ఆ 'చెప్పగలిగినంత' దారిలో ఎక్కడో జారిపోయినట్టుంది. నా దాకా రాలేదు."

"తప్పు చెప్పకూడదని..."

"తప్పు చెప్పమని నేను అడగలేదే! నన్ను ఉంచమని మీరు బతిమాలితే నాకూ సిగ్గే. ఇంతకీ మీకు తెలిసింది ఏమిటి? అది చెప్పండి చాలు. ఎవరు ఎక్కువ పట్టేవాళ్ళం?"

దశాంశం చూపు నేల మీదికి దిగింది. "మీరే. కాస్త."

పంపు కింద గిన్నెలో నీళ్ళు నిండి పొర్లుతుంటే వదిన వెళ్ళి కట్టేసింది.

"ఆ కాస్త అక్కడ అని ఉంటే మీ మర్యాద ఏ గంగలో కలిసేదండీ?" అంది మెల్లగా.

"అక్కా, వదిలెయ్," అంది చెల్లెలు.

"వదిలేశానే. ఎప్పుడో వదిలేశాను." మళ్ళీ మరిదితో, "మీరు చెడ్డవాళ్ళు కాదు మరిదిగారూ. చెడ్డవాళ్ళైతే తిట్టిపోసి చల్లబడేదాన్ని. మిమ్మల్ని తిట్టడానికి కూడా వీల్లేకుండా చేసుకున్నారు," అంది.

ఏప్రిల్లో ఆమె కర్టెన్లు విప్పి మడతపెట్టుకుంది. పాత స్నేహితురాలి కుట్టుషాపు మీద ఒక గది ఖాళీగా ఉందట; కింద బొత్తాలు కుట్టే పని కూడా ఉందట. దశాంశం పెట్టె మోయబోతే, "ఉంచండి, బరువు లేదు," అని తనే మోసుకుంది. ఆటలోని ఉమ్మడి జట్టు నుంచి నత్తమ్మను కూడా తీసుకుపోయింది. భార్య ఆ రోజు నుంచి అతనికి అన్నం వడ్డిస్తూనే ఉంది, బట్టలు మడతపెడుతూనే ఉంది. థర్మామీటర్ల మీద మాత్రం మళ్ళీ ఎగతాళి చేయలేదు.

మే నెలంతా బాబాయి ఒక్కడే కౌంటరు నడిపాడు. రిపోర్టులు వేళకు వెళ్ళాయి. లెక్క ప్రకారం తేడా రాలేదు. మేనేజరు ఒకటి రెండుసార్లు భుజం తట్టాడు కూడా. బాబాయి మాత్రం దశాంశం ఎదురైతే ఫోను చూసుకుంటూ పక్కకు తప్పుకునేవాడు. ఒకరోజు టీ దగ్గర, ఎవరితో అంటున్నాడో తెలియకుండా, "నన్ను ఉంచారని సంతోషించమంటారు. భోజనానికి లేచే తీరిక దొరికితే తప్పకుండా సంతోషిస్తాను," అన్నాడు.

జూన్ 11, బుధవారం, బాబాయి జ్వరం తగిలి రాలేకపోయాడు. మేనేజరు ఆపరేటరును కౌంటరులో కూర్చోబెట్టాడు. అతను గొట్టాల మీది చీటీలను యంత్రానికి చూపించి, అది కూత పెట్టగానే లోపలికి తోశాడు. ఎవరి కాగితమూ విప్పి చూడలేదు. చూడాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ముసలాయనకు గర్భపరీక్ష రిపోర్టు వెళ్ళిందని మొదటిది. దానికి అందరూ నవ్వారు. రెండోది షుగరు లేని మనిషికి షుగరు మందు మొదలుపెట్టారని. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. దశాంశం బుధవారం నాటి గొట్టాలన్నీ చలిపెట్టెలోంచి బయటికి తీయించి, తలుపేసుకొని, ఒక్కొక్క గొట్టాన్నీ దాని కాగితం పక్కన పెట్టి చూశాడు. సాయంత్రం దాకా నీళ్ళు కూడా తాగలేదు. చివరికి లేచి, తప్పుడు మనిషి పేరుతో లోపలికి వెళ్ళిన గొట్టాల సంఖ్యను కాగితం మీద రాసి మేనేజరు బల్లమీద పెట్టాడు.

38.